పొడిగించం పొమ్మన్నాక

జీతం పుచ్చుకోకుండా పరాయి దేశంలో సేవకు వెళ్లిన మనిషికి, వీసా గడువు పొడిగించడం కుదరదని కాగితం వస్తే ముందుగా నోటికొచ్చే ప్రశ్న ‘అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?’ అని. చాలా దేశాల్లో దీనికి సూటి జవాబు ‘ఎక్కడా లేదు’ అనే. అప్పీలు పేరుతో చివరికి దొరికేది ఇంకేదో అవుతుంది. కాదన్న కార్యాలయానికే మళ్లీ పెట్టుకునే పునఃపరిశీలన అర్జీ కావచ్చు, హైకోర్టులో వేసే రిట్ కావచ్చు, పలుకుబడి ఉన్నవాళ్ల చేత చెప్పించుకునే సిఫారసు కావచ్చు. వీటికి ఉన్న తేడా తెలియకపోతే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది, పైపెచ్చు గడువు మీరి ఉన్నవాడన్న ముద్ర పడుతుంది. అనకాపల్లి లాంటి ఊరికి ఈ గొడవతో ఏం పని అనుకోనక్కర్లేదు. ఇక్కడి పిల్లలు అమెరికాలో, బ్రిటన్‌లో, కెనడాలో వీసా తేదీలు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నారు. ఇదే జిల్లా అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ దుస్తుల పార్కు ఉంది, చుట్టూ ఫార్మా కంపెనీలున్నాయి, విదేశీయుల రాకపోకలు మామూలే. అంటే వీసా కౌంటరుకు రెండు వైపులా మనమే ఉన్నాం. అందుకని ఈ సంగతిని ఒక వైపు నుంచే చూసి తీర్పు చెప్పేస్తే సరిపోదు.

తెలుగునేల మీద ఈ ప్రశ్నకు అందరికన్నా పెద్ద ఉదాహరణ విన్సెంట్ ఫెర్రర్. 1920లో బార్సిలోనాలో పుట్టి, జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం సభ్యుడిగా 1952లో బొంబాయిలో దిగాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించి, వ్యవసాయానికి చేయూతనిచ్చాడు. పేదలు ఆయన చుట్టూ చేరడం స్థానికంగా పెద్దలనిపించుకున్న వాళ్లకు నచ్చలేదు. 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. దాని మీద ఆయన చేసుకోగలిగిన చట్టబద్ధమైన అప్పీలేమీ లేదు. జరిగింది వేరు. ముప్పై వేల మంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి దాకా, రమారమి 250 కిలోమీటర్లు, ఆయన కోసం నడిచారు. ప్రధాని ఇందిరాగాంధీ మధ్యేమార్గం పట్టింది: కొద్దికాలం సెలవు మీద విదేశం వెళ్తాడు, తిరిగొస్తే స్వాగతం చెబుతాం అని. 1969లో ఆయన తిరిగొచ్చాడు, మహారాష్ట్రకు కాదు, అనంతపురానికి. అక్కడ జెస్యూట్ సంఘాన్ని వదిలి, ఆన్‌ను పెళ్లాడి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టి, 2009 జూన్‌లో అక్కడే కన్నుమూశాడు. ఆ కరువు జిల్లాలో ఆర్‌డీటీ కట్టిన ఇళ్లు, ఆసుపత్రులు, బడులు ఇవాళ్టికీ కళ్లెదుటే ఉన్నాయి. ఒక రాష్ట్రం వద్దన్న మనిషి ఇంకో రాష్ట్రానికి ఎంత పనికొచ్చాడో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథను చాలామంది ‘జనం తలుచుకుంటే జరగనిదేముంది’ అన్న ధోరణిలో చెబుతారు. నాకు మాత్రం ఇందులో గర్వం కన్నా బెంగే ఎక్కువ. ఫెర్రర్‌కు దక్కింది దయ. ముప్పై వేల మంది నడిస్తే దక్కిన దయ. ఆయన పక్కనే పనిచేసిన పేరులేని నర్సు వీసా ఆగిపోతే నడిచేవాళ్లు ముగ్గురు కూడా ఉండరు. ఎంత చెట్టుకు అంత గాలి అన్న పద్ధతిలో న్యాయం దొరికితే దానికి న్యాయమన్న పేరెందుకు? వ్యక్తుల వీసాల్లోనే కాదు, సంస్థల విదేశీ విరాళాల అనుమతుల్లోనూ ఇదే తంతు. 2021 క్రిస్మస్ నాడు మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్ నిరాకరించారు, ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక కొద్ది రోజుల్లోనే 2022 జనవరిలో పునరుద్ధరించారు. 2025లో ఆర్‌డీటీ రెన్యువల్ చిక్కుల్లో పడినప్పుడు అనంతపురంలో జనం రోడ్డెక్కారు. చిత్రమేమిటంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టంలో కనీసం రివిజన్ అర్జీకి చోటుంది. విదేశీ వాలంటీరు వీసాకు అదీ లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. పొడిగింపు అనేది ఎవరికీ హక్కు కాదు, దాన్ని హక్కు చేయమని అడగడం కూడా దండగ. కాదన్నప్పుడు కారణం కాగితం మీద ఉండాలి, కాదన్న అధికారి కాక మరొకరు దాన్ని చూడాలి, ఆ చూపు పూర్తయ్యేదాకా ఆ మనిషిని దొంగలా చూడకూడదు. ఈ మాత్రం ఇవ్వని రాజ్యం బలహీనుల దగ్గర ఒక రకంగా, పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర ఒక రకంగా నడవక తప్పదు.

మన కోర్టులు ఏమన్నాయో చూద్దాం. 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు, విదేశీయుణ్ణి పంపించేయడంలో కేంద్రానికి పరిపూర్ణమైన, అడ్డులేని విచక్షణ ఉందని చెప్పేసింది. మన చర్చకు అంతకన్నా దగ్గరిది లూయీ డి రేట్ కేసు. బెల్జియం నుంచి 1937లో వచ్చి, మిషనరీ పనిలో అర్ధ శతాబ్దం గడిపిన మనిషి. ఎప్పటికప్పుడు నివాస అనుమతి పొడిగించుకుంటూ వచ్చాడు. 1987లో ఇక పొడిగించేది లేదన్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికే ఇక్కడ స్థిరపడ్డాను కాబట్టి నేను భారత పౌరుణ్ణే అని ఆయన వాదించాడు. 1991 తీర్పులో కోర్టు ఒప్పుకోలేదు. విదేశీ పాస్‌పోర్టు మీద, గడువు పెట్టిన అనుమతులతో ఉంటూ వచ్చిన మనిషికి శాశ్వతంగా ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదంది. విదేశీయుడికి 21వ అధికరణం కింద ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఉంది కానీ, 19వ అధికరణం కింద ఇక్కడ నివసించే హక్కు లేదంది. యాభై ఏళ్లు ఒక దేశంలో సేవ చేసినా, గడువు తీరినప్పుడల్లా బుద్ధిగా అనుమతి అడిగినా, ఆ అడగడమే చివరికి పరాయివాడన్న ముద్రకు సాక్ష్యమవుతుందన్నమాట. న్యాయశాస్త్రం ప్రకారం తీర్పులో తప్పు పట్టడం కష్టం. కానీ పొడిగింపుల మీద బతికే మనిషి స్థితి ఎంత పలచనిదో ఇంతకన్నా తేటగా చెప్పే కేసు మరొకటి నాకు కనిపించలేదు.

ఇవాళ అనకాపల్లి జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేయడానికి విదేశీయుడు రావాలంటే ఏం చేయాలి? టూరిస్టు వీసా మీద జీతం లేని సేవ నెల రోజుల దాకానే, అంతకు మించి పాఠాలు చెబుతానంటే కుదరదు. ఉద్యోగ వీసానే తీసుకోవాలి, దాని మీద ఫలానా సంస్థలో, ఫలానా చోట గౌరవ సేవకు మాత్రమే అని ప్రత్యేకంగా రాయించుకోవాలి. మామూలు ఉద్యోగ వీసాకు ఏడాదికి 16.25 లక్షల రూపాయల జీతమన్న హద్దు ఉంటే, జీతమే లేని సేవకు అది వర్తించదు. 180 రోజులు దాటిన వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో రిజిస్టరు చేసుకోవాలి. జిల్లాల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి పని ఎస్పీది. బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఆ సంగతి అధికారికి తెలియజేయాలి. పొడిగింపు దరఖాస్తు 2018 నుంచి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆన్‌లైన్లోనే. ఇక్కడే ఒక తేడా గమనించాలి. అచ్యుతాపురంలో కంపెనీ పిలిపించుకున్న నిపుణుడికి హెచ్‌ఆర్ విభాగం ఉంటుంది, కన్సల్టెంటు ఉంటాడు, గడువు మూడు నెలలుందనగానే ఫైలు కదులుతుంది. నర్సీపట్నం అవతల ఏజెన్సీ ఊళ్లో బడి నడిపే చిన్న ట్రస్టుకు ఉన్నది ఒక కార్యదర్శి, ఒక కంప్యూటరు, కరెంటు ఉన్నప్పుడు పనిచేసే ఇంటర్నెట్టు. అప్‌లోడు చేయాల్సిన ఆడిట్ కాగితం ఒకటి తగ్గితే తిరస్కరణ వాలంటీరు మీద పడుతుంది, తప్పు మాత్రం అతనిది కాదు.

తిరస్కరించాక ఏముందంటే, చట్టంలో వెతికితే ఏమీ లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం పాత నాలుగు చట్టాల్ని మింగేసింది. 1920 నాటి పాస్‌పోర్టు ప్రవేశ చట్టం, 1939 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి రవాణా సంస్థల బాధ్యత చట్టం. వలస పాలన నాటి సరుకును మారుస్తున్నామన్నారు. మంచిదే. గడువు మీరి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా అని కూడా రాశారు. కానీ ప్రవేశం విషయంలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమమన్నారు, పొడిగింపు దక్కని మనిషి వెళ్లి మొరపెట్టుకోవడానికి ఒక తలుపంటూ పెట్టలేదు. మిగిలింది 226వ అధికరణం కింద హైకోర్టు రిట్. అమరావతిలో వకీలును పెట్టుకుని రిట్ వేయడం జీతం లేని మనిషికి తేలికా?

బ్రిటన్ సంగతి చూస్తే కాగితం మీద మెరుగ్గా కనిపిస్తుంది. అక్కడ సేవకుల కోసం ప్రత్యేకంగా చారిటీ వర్కర్ వీసా ఉంది, గరిష్ఠంగా 12 నెలలు. ఆ 12 నెలల లోపు మాత్రమే పొడిగింపు. లైసెన్సున్న చారిటీ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి, పని జీతం లేనిదై ఉండాలి, శాశ్వత ఉద్యోగి ఖాళీని భర్తీ చేయకూడదు. 2014 చట్టంతో ఇలాంటి నిర్ణయాల మీద ట్రిబ్యునల్ అప్పీలు తీసేసి, 80 పౌండ్ల రుసుముతో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ పెట్టారు. దేశంలో ఉన్నవాళ్లకు గడువు 14 రోజులు. దీని గుణం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. స్పాన్సరు పోషణ హామీ ఇవ్వకపోతే దరఖాస్తుదారు ఖాతాలో 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు నిలవ ఉండాలి. ఇరవయ్యో రోజున అద్దె కట్టడంతో నిల్వ 1,255కు దిగిందనుకోండి, మర్నాడే ఇంటి నుంచి డబ్బు వచ్చి చేరినా సరే, దరఖాస్తు పోతుంది. రివ్యూలో ఈ సంజాయిషీ చెల్లదు, ఎందుకంటే రివ్యూ చూసేది అధికారి చేసిన పొరపాటును మాత్రమే, దరఖాస్తుదారు చేసినదాన్ని కాదు. మామూలుగా కొత్త కాగితం కూడా తీసుకోరు. అదే, 28 రోజులూ నిల్వ సరిగ్గా ఉండి అధికారి స్టేట్‌మెంటులో ఒక పేజీ చూడకుండా కాదన్నాడనుకోండి, 80 పౌండ్లు పెట్టి గెలవొచ్చు. కాబట్టి అక్కడ తిరస్కరణ లేఖ అందగానే వేసుకోవాల్సిన ప్రశ్న ‘నాకు అన్యాయం జరిగిందా?’ అని కాదు, ‘పొరపాటు ఎవరిది?’ అని. తనదే అయితే రివ్యూ మీద 14 రోజులు తగలేయడం రెంటికీ చెడ్డ రేవడి కావడమే. అయినా బ్రిటన్ పద్ధతిలో రెండు మంచి గుణాలున్నాయి. లేఖలో ఏ నిబంధన కింద, ఎందుకు కాదన్నారో రాస్తారు. గడువు ఉండగా దరఖాస్తు చేసిన వాడికి, రివ్యూ తేలేదాకా పాత అనుమతి 1971 చట్టంలోని 3సి సెక్షన్ కింద కొనసాగుతుంది. నేను ఇందాక అడిగిన మూడింటిలో రెండు అక్కడ నిఖార్సుగా ఉన్నాయి. మూడోదైన మరొకరి చూపు, అదే శాఖలో వేరే మనిషిది కాబట్టి, సగం మాత్రమే ఉంది.

అమెరికాలో ఐ-539 ఫారం మీద అడిగిన పొడిగింపును తిరస్కరిస్తే అప్పీలు లేదని నిబంధనల్లోనే రాసి ఉంది. 30 రోజుల్లో ఐ-290బి మీద మళ్లీ చూడమని మోషన్ వేయొచ్చు, అది వేసినంత మాత్రాన ఉండే హక్కు రాదు. ఫైలు తేలేదాకా లోపల ఉండనిచ్చినా, కాదన్న మర్నాటి నుంచి చట్టవిరుద్ధ నివాసపు రోజులు లెక్కకెక్కుతాయి. 180 రోజులు దాటి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. కెనడాలో గడువు పోయాక 90 రోజుల్లో హోదా పునరుద్ధరణకు అడగొచ్చు, లేదా 15 రోజుల్లో ఫెడరల్ కోర్టును ఆశ్రయించవచ్చు, కోర్టు వినడానికే ముందు అనుమతి కావాలి. ఆస్ట్రేలియా ఒక్కటే, అక్కడ ఉండగా పెట్టుకున్న చాలా రకాల దరఖాస్తులకు, 2024 అక్టోబరులో వచ్చిన కొత్త ట్రిబ్యునల్లో కేసును మొదటి నుంచి, కొత్త సాక్ష్యాలతో సహా వింటుంది. రుసుము మూడు వేల డాలర్ల పైమాటే. జీతం లేని సేవకుడికి ఆ రుసుము గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక అభ్యంతరాలు. వాటిలో బలమైనది మనవాళ్లే సమకూర్చి పెట్టారు. సేవ పేరు, చదువు పేరు పెట్టుకుని గడువు లాక్కొచ్చేవాళ్లు ఉన్నప్పుడు ప్రతి తిరస్కరణకూ అప్పీలు పెడితే అది మోసానికి అదనపు కాలం ఇవ్వడం కాదా అని. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అందులోని పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో కడియాలు తొడిగారు. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే ఫార్మింగ్టన్ పేరుతో ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి వల పన్నితే 2019లో 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. ఇక వాలంటీరింగ్ విషయానికొస్తే, చదువయ్యాక అమెరికా ఇచ్చే ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్న విద్యార్థి మొత్తం 90 రోజులకు మించి పనిలేకుండా ఉండకూడదు. తన చదువుకు సంబంధించిన పనిలో వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా ఆ లెక్క ఆగుతుంది. సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులవాళ్లకు ఓపీటీ మీద ఇచ్చే స్టెమ్ పొడిగింపులో ఈ సదుపాయం లేదు. ఈ సందులోంచి ఏ పనీ చేయించకుండా ‘వాలంటీరు’ లెటరు చేతిలో పెట్టే దుకాణాలు పుట్టాయంటే ఆశ్చర్యమేముంది? ఈ సంగతి అమెరికా అధికారికి మనకన్నా బాగా తెలుసు. అందుకే నిజంగా పనిచేసినవాడి లెటరునూ అనుమానంగానే చూస్తాడు.

ఈ అభ్యంతరంలో నిజం ఉంది, కానీ అది నా వాదానికి ఎదురు కాదు, తోడు. ట్రై వ్యాలీలో మోసం చేసినవాళ్లూ ఉన్నారు, మోసపోయినవాళ్లూ ఉన్నారు. కడియం ఇద్దరికీ ఒకటే పడింది. ఎవరు ఎవరన్నది విడదీయడానికే మరొకరి చూపు కావాలి. దొంగ లెటరు పెట్టినవాడు రెండో పరిశీలనలో గెలవడం కష్టం, ఎందుకంటే అక్కడ పని గంటల రికార్డు అడుగుతారు, పర్యవేక్షించిన మనిషి ఎవరని అడుగుతారు. అసలైన వాలంటీరుకు అవి చూపడంలో ఇబ్బంది లేదు. కాలం సాగదీస్తారన్న భయానికి మందు గడువు పెట్టడం. పద్నాలుగు రోజుల్లో అర్జీ, నలభై అయిదు రోజుల్లో నిర్ణయం అంటే ఎవరూ ఏళ్ల తరబడి సాగదీయలేరు.

రెండో అభ్యంతరం సార్వభౌమాధికారం. మన ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎన్నాళ్లు ఉంచుకోవాలో మనిష్టం, ఆయన వీధి అరుగు మీద పంచాయితీ పెడతానంటే ఎలా అంటారు. పోలిక బాగానే ఉంది కానీ, ఇంటాయన సంతకాలు పెట్టే అధికారి కాదు, రాజ్యాంగానికి కట్టుబడ్డవాడూ కాదు. భద్రతా కారణాలు బయటికి చెప్పలేమన్న మాటకు బరువు ఎక్కువ. ఏజెన్సీ ప్రాంతం, మావోయిస్టుల చరిత్ర, మత మార్పిళ్ల ఆరోపణలు ఇవన్నీ మన జిల్లా సరిహద్దుల్లో ఊహలేం కావు. అలాంటి కేసుల్లో వివరం దాచడానికి మినహాయింపు ఉండనీయండి, ఫైలు మాత్రం రెండో అధికారి చదవాలి. ఆడిట్ కాగితం తగ్గిన ఫైలును కూడా ఆ మినహాయింపు కింద దాచేస్తేనే చిక్కు. కారణం అడగడం మన న్యాయానికి కొత్తేం కాదు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రజాప్రయోజనం కోసమంటూ స్వాధీనం చేసుకుని, కారణాలు చెప్పేది లేదన్నారు. చెప్పే ఓపిక లేని అధికారాన్ని 1978 జనవరి తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా నిలదీసింది. స్వీడన్‌లో ఉండే ప్రొఫెసర్ అశోక్ స్వైన్‌కు ఉన్న ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు ఇచ్చేది) రద్దును 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసి, మూడు వారాల్లో కారణాలతో సహా ఉత్తర్వు ఇమ్మంది. ఆయన ఓసీఐ కాబట్టి, వాదన వినాలని పౌరసత్వ చట్టంలో రాసి ఉంది కాబట్టి, కోర్టుకు పట్టు దొరికింది. చట్టంలో ఒక వాక్యం ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా అంతా అదే.

ఆ వాక్యం మన దేశానికి తెలియనిదీ కాదు. 1967 పాస్‌పోర్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు ఇవ్వనన్నా, జప్తు చేసినా పైఅధికారికి అప్పీలు ఉంది, 30 రోజుల్లో చేసుకోవాలి. అదే చట్టంలో ఒక మెలిక కూడా ఉంది: ఉత్తర్వు స్వయంగా కేంద్ర ప్రభుత్వానిదే అయితే అప్పీలు లేదు. విదేశీ వాలంటీరు విషయంలో అసలు చిక్కు ఈ మెలిక దగ్గరే వస్తుంది. కేసు ఏమాత్రం సున్నితంగా ఉన్నా పొడిగింపు ఫైలు ఢిల్లీలో హోం శాఖ అభిప్రాయం తెచ్చుకునే తేలుతుంది. ఆ అభిప్రాయం మీద అప్పీలును హోం శాఖకే పెట్టుకోమంటే, కాదన్నవాళ్ల చేతికే కాగితం తిరిగి ఇచ్చినట్టు. 2025 చట్టం కింద రూల్సు సవరించే అధికారం కేంద్రానికి ఉంది, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కార్యాలయాలున్న నగరాల్లో విశ్రాంత జిల్లా జడ్జి ఒకరిని వారానికి ఒక రోజు కూర్చోబెట్టి, వీడియోలోనే వినమంటే ఖర్చు పెద్దదేం కాదు. అనంతపురం ట్రస్టుకైనా, నర్సీపట్నం బడికైనా, అతిథి ఫైలు ఎందుకు ఆగిందో చెప్పమని అడగడానికి ఒక చిరునామా దొరుకుతుంది. అలా కూర్చునే మనిషికి హోం శాఖ ఫైలు తెప్పించుకునే అధికారం ఇస్తారా, లేక అధికారి పంపిన సారాంశం మీదే తీర్పు చెప్పమంటారా అన్నదాని మీదే అది అప్పీలు అవుతుందో, బ్రిటన్ రివ్యూ లాంటి సగం సరుకు అవుతుందో తేలుతుంది.